హై గెయిన్ ట్యూబ్ యాంప్: అమర్చుకోవడం, మొరాయిస్తే లోపం పట్టుకోవడం

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా కొత్తగా ట్యూబ్ యాంప్ (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులతో నడిచే గిటార్ యాంప్లిఫయర్) కొన్నవారు మొదటి వారంలో చెప్పే ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. గిటార్ మీటకముందే గుంయ్‌మంటోంది, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే నాబ్) పెంచితే కీచుమంటోంది, ఒంటరిగా వాయిస్తే బాగున్న ధ్వని బృందంతో కలిసేసరికి వినిపించకుండా పోతోంది. వెంటనే అనుమానం ట్యూబుల మీదికి పోతుంది. చెన్నై నుంచి కొత్త సెట్టు తెప్పించి మార్చినా జబ్బు అలాగే ఉంటుంది. హై గెయిన్ యాంప్‌లో మూడు నాలుగు ట్యూబు దశలు ఒకదాని వెనక ఒకటి ఉండి గిటార్ సిగ్నల్‌ను వేల రెట్లు పెంచుతాయి. దానితోపాటు ఇంటి వైరింగ్‌లోని లోపాన్నీ, నాసిరకం కేబుల్‌నూ, ఫ్యాన్ రెగ్యులేటర్ గోలనూ అంతే నిష్పక్షపాతంగా పెంచుతాయి. అందువల్ల అమర్చేటప్పుడైనా, లోపం వెతికేటప్పుడైనా గోడలోని ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి లోపలికి రావాలి. ట్యూబుల వంతు చివర్లో వస్తుంది.

ముందుగా కరెంటు సంగతి

యాంప్ వెనక పలక మీద వోల్టేజీ ఎంత రాసి ఉందో చూడండి. మన సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన యాంప్ అయితే 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటుంది. దాన్ని నేరుగా మన ప్లగ్గులో పెడితే ఫ్యూజుతో పోతే అదృష్టమే. కొన్నింటికి వోల్టేజీ మార్చే స్విచ్ వెనకే ఉంటుంది. దాన్ని మార్చినప్పుడు ఫ్యూజు విలువ కూడా మారుతుందని మరువవద్దు, 230 వోల్టులకు పట్టే ఫ్యూజు 120 వోల్టుల ఫ్యూజులో సుమారు సగం ఉంటుంది. అలాంటి స్విచ్ లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి. వంద వాట్ల హెడ్ (స్పీకర్ విడిగా ఉండే యాంప్) గోడ నుంచి మూడు నాలుగు వందల వాట్ల వరకు లాగగలదు కనుక 750 వీఏకి తక్కువది కొనకండి. పలక మీద 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే, స్టెప్‌డౌన్ పెట్టినా యాంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ దగ్గర మరింత వేడెక్కుతుంది. అలాంటిదాన్ని గంటల తరబడి నడపకముందు తెలిసినవారికి చూపించాలి.

ఇక ఎర్త్. గోడలో మూడు రంధ్రాలున్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో, మిద్దె మీద తర్వాత కట్టి అద్దెకిచ్చిన పోర్షన్లలో మూడో రంధ్రానికి వైరే లాగి ఉండకపోవచ్చు. మల్టీమీటర్ వాడటం తెలిసినవారు ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మూడు కొలతలు తీయాలి. మొదటి రెండూ దాదాపు సమానంగా, మూడోది ఒకటి రెండు వోల్టులుగా ఉంటే బాగున్నట్టు. అయితే డిజిటల్ మీటరు తెగిన వైరు మీద కూడా లేని వోల్టేజీని చూపగలదు కనుక, ఎలక్ట్రీషియన్ చేత బల్బు లోడు పెట్టించి నిర్ధారించుకోవడమే మేలు. ఎర్త్ గుంత ఉన్న ఇళ్లలో కూడా ఏప్రిల్, మే నెలల్లో మట్టి ఎండిపోయి నిరోధం పెరుగుతుంది. ఎండాకాలంలో ఆ గుంతలో అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పోయించండి.

హమ్ (ఆ గుంయ్‌మనే శబ్దం) తగ్గుతుందని ప్లగ్గులోని ఎర్త్ పిన్ను విరిచేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ పని ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. గిటార్ తీగలు కేబుల్ ద్వారా యాంప్ చాసీకే (లోపలి లోహపు చట్రానికే) కలిసి ఉంటాయి. యాంప్‌కు ఎర్త్ లేక, లోపల లీకేజీ ఉంటే, గిటార్ పట్టుకున్నవారు పెదవులతో మైకును తాకిన క్షణంలో ఆ కరెంటు వారి గుండా పోతుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందపు గిటారిస్టు లెస్ హార్వీ వేదిక మీదనే సరిగా ఎర్త్ లేని మైకు తగిలి చనిపోయారు. మన గంగజాతర వేదికల్లోనూ వినాయక చవితి పందిళ్లలోనూ జనరేటర్ ఒకరిది, సౌండ్ ఒకరిది, లైటింగ్ మరొకరిది కావడం వల్ల ఈ ప్రమాదం ఇంట్లోకన్నా ఎక్కువ. గిటార్ యాంప్‌కూ సౌండ్ మిక్సర్‌కూ కరెంటు ఒకే బోర్డు నుంచి, ఒకే ఎర్త్‌తో తీసుకోండి. పాడబోయే ముందు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక కొసను గిటార్ తీగకు, మరో కొసను మైకు జాలీకి ఆనించి చూడండి. పదుల్లో అంకె కనిపిస్తే కారణం తేలేవరకు మైకు దగ్గరకు పోవద్దు.

ఎండాకాలం సాయంత్రాల్లో వీధంతా ఏసీలు వేసుకున్నప్పుడు కొన్ని లైన్ల మీద వోల్టేజీ బాగా పడిపోతుంది. ట్యూబును లోపల వేడిచేసే హీటరుకు 6.3 వోల్టులు కావాలి. గోడ దగ్గర 230కి బదులు 190 ఉంటే హీటరుకు అందేది సుమారు 5.2 వోల్టులే. ఆ పూట ధ్వని నీరసంగా, మెత్తగా, ముద్దగా వినిపిస్తే ట్యూబులను తప్పుపట్టవద్దు, ముందు మీటరు పెట్టి చూడండి. సర్వో స్టెబిలైజర్ దీనికి సరైన మందు. రిలే రకం స్టెబిలైజర్ టప్‌మని మారిన ప్రతిసారీ ఆ చప్పుడు స్పీకర్‌లోనూ వినిపించవచ్చు. ఇంట్లో స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే యాంప్‌ను ఇన్వర్టర్ లైను లేని ప్లగ్గులోనే పెట్టండి. ఆ కరెంటు మీద యాంప్ గుర్రుమనడమే కాక ట్రాన్స్‌ఫార్మర్ కూడా అనవసరంగా వేడెక్కుతుంది.

స్పీకర్ తగిలించాకే స్విచ్

ట్యూబ్ యాంప్‌లో పవర్ ట్యూబులకూ (స్పీకర్‌ను నడిపే చివరి పెద్ద ట్యూబులకూ) స్పీకర్‌కూ నడుమ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. స్పీకర్ లేకుండా వాయిస్తే ఆ శక్తికి పోయే దారి ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్లలో ప్రమాదకరమైన వోల్టేజీ పుట్టి చుట్ల ఇన్సులేషన్ గానీ ట్యూబు సాకెట్టు గానీ కాలిపోతుంది. ట్రాన్సిస్టర్ యాంప్‌లకు అలవాటుపడినవారికి ఇది వింతగా తోస్తుంది, ఎందుకంటే అక్కడ స్పీకర్ లేకపోయినా నష్టం లేదు, షార్ట్ అయితేనే భయం. హెడ్‌ఫోన్ జాక్, లైన్ అవుట్ వంటివి లోడు (స్పీకర్‌లా ఆ శక్తిని తీసుకునేవి) కావు. రాత్రిపూట చప్పుడు లేకుండా రికార్డు చేసుకోవాలంటే లోడ్ బాక్స్ అనే పరికరమే ఉండాలి, అది యాంప్ వాట్లకు తగినది కావాలి.

తర్వాత ఓమ్‌ల లెక్క. యాంప్ వెనక 4, 8, 16 ఓమ్‌ల జాక్‌లు గానీ, ఒక మార్పిడి స్విచ్ గానీ ఉంటుంది. క్యాబినెట్ (స్పీకర్ల పెట్టె) ఎన్ని ఓమ్‌లదో దానికే పెట్టాలి. 16 ఓమ్‌ల క్యాబినెట్లు రెండింటిని సమాంతరంగా కలిపితే 8 ఓమ్‌లు, 8 ఓమ్‌లవి రెండు కలిపితే 4 ఓమ్‌లు అవుతాయి. నాలుగు పన్నెండంగుళాల స్పీకర్ల పెట్టెలో 16 ఓమ్‌లవి నాలుగూ రెండేసి జతలుగా కలిపి ఉంటే మళ్లీ 16 ఓమ్‌లే వస్తుంది. సెకండ్ హ్యాండ్ క్యాబినెట్ కొన్నవారు దాని మీది చీటీని నమ్మకూడదు, లోపల స్పీకర్ ఎవరో ఎప్పుడో మార్చి ఉంటారు. స్పీకర్ కేబుల్‌ను క్యాబినెట్‌లో గుచ్చి, యాంప్ వైపు కొసను మల్టీమీటర్‌తో ఓమ్‌లలో కొలవండి. 16 ఓమ్‌లదైతే 12, 13 దగ్గర, 8 ఓమ్‌లదైతే 6, 7 దగ్గర, 4 ఓమ్‌లదైతే 3 పైచిలుకు చూపుతుంది. మీటరు ఏమీ చూపకపోతే కేబులో స్పీకరో తెగినట్టు. అలా ఉన్నప్పుడు యాంప్ ఆన్ చేయకపోవడమే మీరు చేసిన మరమ్మతు. ఈ ఒక్క కొలత అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడుతుంది కనుక, క్యాబినెట్ మారిన ప్రతిసారీ తీయండి.

యాంప్ నుంచి క్యాబినెట్‌కు గిటార్ కేబుల్ పెట్టవద్దు. చూడటానికి జాక్ ఒకటే గానీ, గిటార్ కేబుల్‌లో మధ్య తీగ చాలా సన్నగా ఉంటుంది, వేడెక్కి కరిగితే షార్టో తెగుడో తప్పదు. స్పీకర్ కేబుల్ అంటే రెండూ సమానంగా లావైన తీగలున్నది.

ఆన్ చేసే వరస చిన్నది. అన్ని వాల్యూములు సున్నాలో, స్టాండ్‌బై స్విచ్ స్టాండ్‌బైలో పెట్టి పవర్ వేయండి, ఒక నిమిషం ఆగి స్టాండ్‌బై తీయండి. ఆపేశాక ట్యూబులు చల్లారేవరకు యాంప్‌ను ఎత్తవద్దు. స్టాండ్‌బై లేని యాంప్ అయితే కంగారేమీ లేదు, అది అలాగే తయారైంది.

ధ్వని కుదుర్చుకోవడం

గెయిన్ 4, బాస్ 5, మిడ్ 5, ట్రెబుల్ 5, ప్రెజెన్స్ 4 దగ్గర మొదలుపెట్టండి. మాస్టర్ (మొత్తం వాల్యూమ్) ఒకటి దాటనవసరం లేదు. ఒక్క వాటుకే మీటరు దూరంలో 100 డెసిబెళ్లు ఇచ్చే సెలెషన్ వింటేజ్ 30 వంటి స్పీకర్ ఉంటే, అద్దె పోర్షన్‌లో ఇంటి ఓనరును పైకి రప్పించడానికి ఆ ఒక్క వాటు చాలు. వంద వాట్ల యాంప్‌ను యాభైకి తగ్గిస్తే తగ్గేది మూడు డెసిబెళ్లే, కాబట్టి ఆ స్విచ్ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

అన్ని హై గెయిన్ యాంప్‌లూ ఒక తీరున ప్రవర్తించవు. 1981లో వచ్చిన మార్షల్ జేసీఎం800 శ్రేణిలోని వంద వాట్ల 2203లో మూడు ప్రీ యాంప్ ట్యూబులు (గిటార్ సిగ్నల్‌ను ముందుగా పెంచే చిన్నవి), నాలుగు ఈఎల్34 పవర్ ట్యూబులు ఉంటాయి. దానిలో టోన్ నాబ్‌లు డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా విరిచే) దశల తర్వాత వస్తాయి కనుక బాస్ కొంత పెంచినా శబ్దం ముద్దకాదు. 1987 నాటి సోల్డానో ఎస్ఎల్ఓ 100, 1992 నాటి పీవీ 5150 గెయిన్‌లో దానికన్నా చాలా ముందున్నాయి. మెసా బూగీ మార్క్ శ్రేణిలో మాత్రం టోన్ నాబ్‌లు డిస్టార్షన్‌కు ముందే ఉంటాయి. అక్కడ బాస్ 5లో పెడితే తీగకూ తీగకూ తేడా తెలియదు. ఒకటి, రెండు దగ్గర పెట్టి, పోయిన బాస్‌ను తర్వాత గ్రాఫిక్ ఈక్వలైజర్‌లో తిరిగి తెచ్చుకోవాలి. మీ యాంప్‌లో ఆ నాబ్‌లు ఎక్కడున్నాయో మాన్యువల్‌లో చూడండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

గెయిన్ పెంచితే బలం వస్తుందనుకోవడం ఈ యాంప్‌ల విషయంలో జరిగే పెద్ద పొరపాటు. ఒక హద్దు దాటాక గెయిన్ ధ్వనిని నలిపేస్తుందే గాని పెంచదు. మీటు అదురు పోతుంది, వెనక బుస్సుమనే శబ్దం మాత్రం పెరుగుతుంది. ఓపెన్ ఆరో తీగను అరచేతితో అదిమి మీటుతూ గెయిన్‌ను పై నుంచి కిందికి తగ్గించండి, మీటు దెబ్బ విడిగా వినిపించడం మొదలైన చోట ఆపండి. ఇంకా గట్టిదనం కావాలంటే ట్యూబ్ స్క్రీమర్ రకం పెడల్‌ను యాంప్ ముందు పెట్టి, దాని డ్రైవ్ సున్నాలోనూ లెవెల్ పూర్తిగానూ ఉంచండి. అది కింది బాస్‌ను కోసి యాంప్ మొదటి ట్యూబును గట్టిగా తోస్తుంది, అందుకే మెటల్ వాయించేవారిలో చాలామంది డిస్టార్షన్ ఉన్న యాంప్ ముందు కూడా దాన్ని వాడతారు.

మిడ్‌ను సున్నా చేసి బాస్, ట్రెబుల్ పెంచే అలవాటు పడకగదిలో వినసొంపుగా ఉంటుంది, వేదిక మీద కొంప ముంచుతుంది. మన ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు, రిథమ్ ప్యాడ్లు, బాస్ గిటార్ పై నుంచీ కింది నుంచీ జాగా ఆక్రమిస్తాయి. గిటార్‌కు మిగిలేది మధ్యభాగమే, దాన్ని మీరే తీసేస్తే మీరు వాయిస్తున్నట్టు చేతులు మాత్రమే చెబుతాయి. క్యాబినెట్ మోకాళ్ల ఎత్తులో ఉంటే ట్రెబుల్ మీ చెవిని తాకకుండా ముందున్నవారి మీదికి పోతుంది కనుక, దాన్ని కుర్చీ ఎత్తుకు లేపి లేదా వెనక్కి వంచి అప్పుడు నాబ్‌లు తిప్పండి. టైల్స్ నేల, సిమెంటు గోడలున్న గదిలో క్యాబినెట్‌ను మూలకు నెట్టవద్దు, ఎదురు గోడకు ఒక పరుపు ఆనించండి.

గుంయ్‌మంటే, బుస్సుమంటే

యాంప్ ఆన్‌లో ఉండగా గిటార్ కేబుల్‌ను యాంప్ నుంచి తీసేయండి. శబ్దం ఆగితే లోపం గిటార్‌లోనో కేబుల్‌లోనో పెడల్స్‌లోనో, వాటి అడాప్టర్‌లోనో ఉంది. ఆగకపోతే గెయిన్ సున్నా చేయండి. అప్పుడు ఆగితే ప్రీ యాంప్ ట్యూబులను చూడాలి. మాస్టర్ కూడా సున్నా చేసినా ఉంటే లోపం పవర్ ట్యూబులదో ఫిల్టర్ కెపాసిటర్లదో (డీసీ కరెంటును నునుపు చేసేవి) అనుకోవాలి.

హమ్ స్వరాన్ని బట్టి కూడా మూలం తెలుస్తుంది, దీనికి గిటారే చాలు. ఆరో తీగ మూడో ఫ్రెట్టు జి 98 హెర్ట్జ్. యాంప్ గుంయ్‌మనేది దాదాపు ఆ స్వరంలోనే ఉంటే అది 100 హెర్ట్జ్, అంటే కరెంటును డీసీగా మార్చాక మిగిలిన అల. ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోవడమో, పవర్ ట్యూబుల జత కుదరకపోవడమో కారణం. దానికి ఒక స్థాయి కింద ఉంటే 50 హెర్ట్జ్, అంటే ఎర్త్ లూపు (ఎర్త్ రెండు దారుల్లో కలవడం), హీటరు వైరింగ్, లేక గిటార్ పికప్ (తీగల కింది అయస్కాంతపు తీగచుట్ట) ఏదో ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎదురుగా ఉండటం. గిటార్ పట్టుకుని నిలబడినచోటే మెల్లగా తిరగండి. ఒక దిక్కున హమ్ సన్నగిల్లితే అది పికప్ పట్టుకుంటున్నదే.

గుంయ్‌మనకుండా జుయ్యిమని గీసినట్టు వినిపిస్తే తల పైకెత్తి ఫ్యాన్ చూడండి. గుండ్రంగా తిరిగే పాత ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు ఏసీ అలను కోసి వేగం తగ్గిస్తాయి, ఆ కోతే పికప్‌లో వినిపిస్తుంది. ఫ్యాన్‌ను పూర్తి వేగంలో పెడితే చాలావరకు తగ్గుతుంది. మే నెలలో తిరుపతిలో ఫ్యాన్ ఆపి వాయించమని చెప్పడం అన్యాయం కనుక, మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం రెగ్యులేటర్ వేయించుకోండి, ఖర్చు తక్కువే. చవక ఎల్ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు కూడా ఇదే కోవలోవి, ఒక్కొక్కటే ఆపుతూ పోతే దొంగ దొరుకుతాడు. నాయిస్ గేట్‌ను ఇవన్నీ అయ్యాకే కొనాలి. అది మీరు వాయించనప్పుడు మాత్రమే శబ్దాన్ని మూస్తుంది.

ధ్వని ఉన్నట్టుండి సగానికి పడిపోయి మళ్లీ వస్తుంటే, యాంప్ వెనక పెడల్స్ కలపడానికుండే ఎఫెక్ట్స్ లూప్‌లో సెండ్ జాక్ నుంచి రిటర్న్ జాక్‌కు చిన్న కేబుల్ ఒకటి పెట్టండి. అంతటితో సరిపోతే లూప్ జాక్ లోపలి స్విచ్‌కు దుమ్ము పట్టిందని అర్థం, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి జాక్‌ను పదిసార్లు లోపలికి బయటికి ఆడిస్తే చాలు. మన దుమ్ముకు ఇది మామూలే. వాడకుండా వదిలేస్తే వెనక జాలీ గుండా బల్లులు కూడా దూరుతాయి, గుడ్డ కప్పి ఉంచండి.

ట్యూబుల వంతు

యాంప్ కీచుమంటే ముందు గిటార్ వాల్యూమ్ తగ్గించండి. ఆగితే అది పికప్ పని, స్పీకర్‌కు ఎదురుగా నిలబడకండి. ఆగకపోతే పెన్సిలు వెనక కొసతో ప్రీ యాంప్ ట్యూబులను ఒక్కొక్కటే మెల్లగా తట్టండి. అన్నీ కొద్దిగా టిక్‌మంటాయి. గంటలా మోగేదీ తట్టగానే కీచుమనేదీ మార్చవలసినది. అది ఎక్కువగా ఇన్‌పుట్ జాక్‌కు దగ్గరలోని వీ1 అవుతుంది, ఎందుకంటే దాని తర్వాతి దశలన్నీ దాని చప్పుడును పెంచుతాయి. యాంప్ ఆపి, చల్లారాక, నిటారుగా పట్టుకుని మెల్లగా కదుపుతూ తీసి, మంచిదని తెలిసిన ట్యూబును పెట్టి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ప్రీ యాంప్‌లో వాడే 12ఏఎక్స్7, ఈసీసీ83 ఒకటే ట్యూబు. పాత రేడియో మెకానిక్‌ను అడిగేటప్పుడు రెండో పేరు చెబితే త్వరగా పోల్చుకుంటారు. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి ఫిలిప్స్ సహకారంతో రేడియో వాల్వులు తయారుచేసింది, పాత దుకాణాల్లో అలాంటి సరుకు కనిపిస్తే చూడకుండా వదలకండి.

ట్యూబు లోపల గాజు మీద నీలి వెలుగు కనిపిస్తే భయం లేదు. లోపలి బూడిదరంగు ప్లేటు ఎర్రగా కాలితే మాత్రం ఆ క్షణమే ఆపాలి. పైభాగంలోని వెండి మచ్చ పాలలా తెల్లబడితే గాలి దూరినట్టు, ఆ ట్యూబు ఇక పనికిరాదు.

ఫ్యూజు పోతే అదే విలువ, అదే స్లో బ్లో (ఆలస్యంగా తెగే) రకం వేయాలి; తీగ చుట్టి నడిపితే కాలేది ట్రాన్స్‌ఫార్మర్. కొత్తది కూడా పోతే పవర్ ట్యూబులు తీసేసి ఇంకొకటి వేసి చూడండి. అప్పుడు నిలిస్తే తప్పు ట్యూబుది, అప్పుడూ పోతే లోపలిది. ట్యూబులు వెలుగుతున్నా ధ్వని రాకపోతే హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) ఫ్యూజు అనే రెండో ఫ్యూజును చూడాలి.

అక్కడితో మీ పని ఆగాలి. చాసీ లోపల 400 నుంచి 500 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉండగలదు. పవర్ ట్యూబులు మార్చాక చేయవలసిన బయాస్ (వాయించనప్పుడు ట్యూబులో పారే కరెంటు) సర్దుబాటును కూడా ఆ పని చేసి చేయి తిరిగిన టెక్నీషియన్‌కే వదిలేయండి. లెక్క మాత్రం తెలిసి ఉండటం మంచిది: ఈఎల్34 ప్లేటు గరిష్ఠంగా 25 వాట్లు తట్టుకుంటుంది, అందులో 70 శాతం 17.5 వాట్లు, ప్లేటు మీద 450 వోల్టులుంటే ఒక్కో ట్యూబుకు సుమారు 39 మిల్లీ ఆంపియర్లు పైహద్దు. 30 వాట్ల 6ఎల్6జీసీ అనే పవర్ ట్యూబుకు అదే వోల్టేజీ దగ్గర సుమారు 47. కొన్ని యాంప్‌లలో, ముఖ్యంగా మెసా వాటిలో, బయాస్ సర్దే నాబ్ ఉండదు; వాటికి ఆ కంపెనీ సూచించిన శ్రేణిలోని జత కుదిర్చిన ట్యూబులే కొనాలి.

ఊళ్లో వాల్వు రేడియోలు చూసిన మెకానిక్ దొరికితే యాంప్ సర్క్యూట్ బొమ్మను ప్రింటు తీసి చేతికివ్వండి, చాలామందికి కావలసింది అదొక్కటే. విడిభాగాలకు తిరుపతివారికి చెన్నై రిచీ స్ట్రీట్, చిత్తూరువారికి బెంగళూరు ఎస్పీ రోడ్డు కూడా అందుబాటులో ఉన్నాయి. యాంప్‌నే బస్సులో తీసుకుపోవలసి వస్తే పవర్ ట్యూబులు తీసి, ఏది ఏ సాకెట్టుదో స్టిక్కరు మీద రాసి, వేరే పెట్టెలో గుడ్డ చుట్టి చేతిలో ఉంచుకోండి. మరమ్మతు అయ్యాక ప్లేటు వోల్టేజీ, ఒక్కో ట్యూబు బయాస్ కరెంటు, ఆ సమయంలో గోడ దగ్గరి వోల్టేజీ మూడూ కాగితం మీద రాయించుకుని యాంప్ వెనక అతికించండి. తర్వాతిసారి ట్యూబులు మార్చేవారికి పోల్చుకోవడానికి అవే అంకెలు పనికొస్తాయి.